నడిమి చూపు

ఫిబ్రవరి 8, ఆదివారం

ముందుగా క్షమాపణ. నా తదనంతరం ఈ డైరీని తవ్వి తీయబోయే పురావస్తు శాఖవారికి, సమస్త నేత్ర వైద్య లోకానికి, నాకు ఫిజిక్సు చెప్పి ఆరోగ్యం పాడుచేసుకున్న లెక్చరరు గారికి, ఈ పుస్తకాన్ని ఊరికే ఇచ్చిన ఎరువుల కంపెనీకి సాష్టాంగపడి మన్నింపు కోరుతున్నాను. ఇక మీదట ఈ పేజీల్లో ఒక మహామేధావి తారసపడతాడు. అతణ్ణి చూసి మీ బతుకులు మీకు చిన్నవిగా తోస్తే ఆ పాపం నాది. వినయంగానే రాద్దామని కూర్చున్నాను. చెయ్యి వినడం లేదు.

పురావస్తు శాఖవారి సౌకర్యం కోసం వివరాలు. పేరు ధర్మ. బీఎస్సీ, ఆపైన కళ్ళు పరీక్ష చేసే డిప్లొమా, రెండూ విశాఖపట్నంలో. ఉద్యోగం అరకులోయలో గోపాలకృష్ణ గారి కళ్ళద్దాల షాపు. నిన్న ఆ షాపు చరిత్రలో మొట్టమొదటి ప్రోగ్రెసివ్ కళ్ళజోడు నా చేతుల మీదుగా మా సోములమ్మత్త చేతిలో పడింది.

అత్త అంటే మా నాన్నకి అక్క. కాఫీ సొసైటీ షెడ్డులో ఆఖరి బల్ల ఆవిడది. ఆడవాళ్ళందరూ ఏరిన గింజలు చివరికి ఆవిడ ముందుకు వస్తాయి. ఆవిడ చూసి వదిలితేనే సంచిలోకి. నల్లగింజ గాని, పురుగు తొలిచిన గింజ గాని ఒక్కటి దాటిందా, కాఫీ తాగినవాడికి తడిసిన గోనె నాకినట్టుంటుంది. షెడ్డు కట్టినప్పటి నుంచి ఆ బల్ల ముందు పీట మీద ఇంకొకరు కూర్చోలేదు. మొన్న రెండు గింజలు దాటాయి. సూపర్‌వైజరు రత్న మేడం పిలిచి మెత్తగానే చెప్పిందట. ఇరవయ్యో తారీకు పొద్దున చెడ్డగింజలు కలిపి ఒక పళ్ళెం ఇస్తాను, అన్నీ ఏరితే రుచుల పోటీకి వెళ్ళే కాఫీ నువ్వే చూస్తావు, లేకపోతే పీట వేరేవాళ్ళకి, నువ్వు కళ్ళంలో ఎండే గింజలు తిరగెయ్యి అని.

అత్త ఆ పూట అన్నం ముట్టలేదని భాను చెప్పింది. భాను అత్త కూతురు, నాకు మరదలు, లోకానికి ముల్లు.

కాబట్టి నేను రంగంలోకి దిగాను. సంతలో కొన్న చదివే అద్దాలతో అత్తకి సెల్లో నంబరు కనపడుతుంది గాని బల్ల మీద గింజ సరిగ్గా ఆనదు. గుమ్మంలో మనిషి అసలే ఆనడు. ఒకసారి రత్న మేడంని దూడ అనుకుని అదిలించింది.

"అత్తా, మూడు జోళ్ళు ఒక్క జోడులో ఉంటాయి. పైన దూరం, కింద దగ్గర, నడుమ నడుమ. మధ్యలో గీత కూడా ఉండదు."

"గీత నేకపోతే ఎక్కడ మారతాదో ఎలా తెలుస్తాదిరా?"

"తెలియక్కర్లేదు. అదే అందులో గొప్ప."

ఈ మాట నాకే నచ్చి మళ్ళీ అన్నాను.

జోడు ఆవిడ వెంటనే పెట్టుకోలేదు. "కొత్త వస్తువు. ముందు అమ్మోరు సూడాల," అని పట్టుకెళ్ళి ఊరి మొదట్లో అమ్మోరిగా కొలిచే నిశాని రాయి ముందు పెట్టింది. రేపు పొద్దున తీసుకుంటుందట. అమ్మవారికి చత్వారం ఉందేమో నేను పరీక్ష చెయ్యలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

జయం. అత్త వాకిట్లో నిలబడి ఎదర కొండ మీద మేకల్ని రంగులతో సహా చెప్పింది. పాత జోడు సంతలో ఆకులమ్మే గాసి తాతకి దానం చేసేసింది. ఇక బాధపడాల్సింది ఏమీ లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

భాను షాపుకి వచ్చింది.

"బావా, మా యమ్మ నిన్ను బేగి షెడ్డుకి రమ్మంతన్నాది."

"సన్మానమా?"

"ఆఁ. దండ కూడా గుచ్చేం. సెప్పులు సరిపోక ఆగేం."

వెళ్ళాను. అత్త పీట మీద నిటారుగా కూర్చుని ఉంది. ముక్కు మీద నా జోడు, ముందు గింజల గుట్ట. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"దూరం సూత్తే బాగుంది. సెల్లు సూత్తే బాగుంది. బల్ల సూత్తే అంబలి ఒలికిపోనట్టుంది," అంది.

"కాస్త వంగి చూడు."

వంగింది. "ఇప్పుడు మరీని."

"అలవాటవుతుందత్తా. కొత్త కదా. పదిరోజులు పడుతుంది."

భాను నా మొహం ముందే వేళ్ళు ముడవడం మొదలెట్టింది. పరీక్ష ఎప్పుడో నాకూ తెలుసు. వేళ్ళు అవసరం లేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

అలవాటవుతుంది.

ఫిబ్రవరి 12, గురువారం

అలవాటవుతుంది అని ఇవాళ చాలాసార్లు అన్నాను. ఒకసారి ఎవరూ అడక్కుండానే.

గోపాలకృష్ణ గారికి చెప్పేశాను. ఆయనది శృంగవరపుకోట. కొండ దిగితే ఆయన ఇల్లు, కొండెక్కితే ఆయన షాపు.

"బల్ల దూరానికి మట్టుకే పనికొచ్చే జోడు వేరేగా సేయించొచ్చు. వైజాగ్ నుంచి రావడానికి రెండు వారాలు. ఈలోగా మీ అత్త పరీక్ష అయిపోద్ది," అన్నారు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి అడిగారు. "ఒరే ధర్మా, ఇంతకీ ఆ నడిమి చూపు అన్నది అద్దంలో ఎక్కడుంటాదో నీకు తెలుసేటి?"

"తెలుసు సార్. డిప్లొమాలో ఒక పాఠం ఉంది."

"పాఠం ఉంది, సరే. నువ్వు సూసేవా?"

టీ గ్లాసులు కడగాలని గుర్తొచ్చి లేచాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సంత. గాసి తాత విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టల పక్కన అత్త పాత జోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ లేనిదానికంటే అదే నయం కదా అని పక్కన చతికిలబడి, మంచిగా అడిగాను.

"ఇవ్వను," అన్నాడు.

"నీకు అందులోంచి ఏమన్నా కనపడుతోందా తాతా?"

"నాకేటీ అవుపడదు. నానే అందరికీ అవుపడతన్నాను. ఇది ఎట్టుకున్న కాణ్ణించి సర్పంచి కూడా నిలబడి మాటాడతన్నాడు."

అడ్డాకులు రెండు కట్టలు కొనుక్కుని వచ్చేశాను. ఎందుకు కొన్నానో తెలీదు.

ఫిబ్రవరి 14, శనివారం

ప్రేమికుల రోజు. ఒక అద్దంతో గడిపాను.

అత్త దగ్గర జోడు ఒక్క పూటకి అడిగి తెచ్చి లెన్సోమీటరులో పెట్టాను. అద్దం పవరు చెప్పే యంత్రం అది. గొట్టంలో కన్ను పెట్టి, చక్రం తిప్పుతూ, లోపలి పచ్చగీతలు పదునుగా కనపడేచోట ఆగాలి. ఈ రకం అద్దం వస్తే పైన ఒకసారి, కింద ఒకసారి చూసి, అంకెలు సరిపోతే టీకి వెళ్ళిపొమ్మని మాకు నేర్పారు. నడుమ ఏముందో చూడమని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

ఇవాళ చూశాను. పైన మొదలుపెట్టి అద్దాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వచ్చాను. పైన పవరు లేదు, ఉత్త కిటికీ. కాస్త జరిపితే గీతలు మెత్తబడ్డాయి. చక్రం ఒక పిసరు తిప్పితే మళ్ళీ నిలబడ్డాయి. మళ్ళీ జరిపాను, మళ్ళీ మెత్తబడ్డాయి, మళ్ళీ తిప్పాను. ఇలా కిందిదాకా. ఎక్కడా మెట్టు లేదు. అతుకు లేదు. వేలితో తడిమాను, గోటితో గీరాను. నున్నగా ఉంది.

శృంగవరపుకోట దగ్గర బస్సు ఘాట్ ఎక్కుతుంది కదా, ఎక్కడ మైదానం అయిపోయిందో ఎక్కడ కొండ మొదలైందో ఎవరన్నా గీత గీసి చూపించగలరా? చెమట ఆరుతుంది. చెవులు మూసుకుంటాయి. ఎవరో స్వెట్టరు తీస్తారు. చూస్తే అరకు వచ్చేసి ఉంటుంది. ఆ ఘాట్ రోడ్డు మొత్తాన్ని ఎవరో నా బొటనవేలంత చోటులో వేశారు. కింద ఊరు పుస్తకం, పైన ఊరు కొండ, దారంతా నడిమి చూపు. మనిషి చెయ్యి చాపితే అందేవన్నీ ఆ దారి మీదే ఉన్నాయి. పొయ్యి మీద కుండ, ఎదుటి మనిషి మొహం, బల్ల మీద గింజ.

తర్వాత పక్కకి జరిపాను. గీతలు వాలిపోయాయి, సాగిపోయాయి, పాకంలా కారిపోయాయి. రెండో పక్కా అంతే. అంటే రోడ్డు సన్నం. రెండు వైపులా లోయ, లోయ నిండా మంచు. పాఠంలో ఉన్నది ఇప్పుడు తలకెక్కింది. ఒకే గాజులో ఇంత సాఫీగా పవరు ఎక్కించాలంటే ఎక్కడో వంకర రాక తప్పదట. ఆ వంకరనంతా ఊడ్చి, మనిషి తక్కువ చూసే పక్కలకి తోసేశారు. ఇల్లు చిమ్మి మట్టిని గోడ వారకి చేర్చినట్టు.

ఎవరు చేశారు ఇది? ఎన్నాళ్ళు కూర్చున్నారు?

నాకు ఇరవై నాలుగేళ్ళు. నా కంట్లో లెన్సు తనంతట తనే ఉబ్బి, తగ్గి, ఈ పనంతా నాకు చెప్పకుండా చేసేస్తోంది. కాబట్టి ఆ దారిలో నడవడం ఎలా ఉంటుందో నాకు ఇప్పట్లో తెలీదు. తెలియాల్సింది అత్తకి. ఆవిడకి ఆ దారి దొరకడం లేదు.

ఇవాళ జోకులు లేవు. షాపు మూశాక కూడా చాలాసేపు యంత్రం ముందే ఉన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

అనుమానం: జోడు బిగించడంలో తప్పు జరిగిందేమో. పొద్దున్నే అత్త ఇంటికి వెళ్ళాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అద్దం మీద ఊపిరి వదిలితే ఆ ఆవిరిలో రెండు బుల్లి సున్నాలు తేలాయి. కంపెనీవాళ్ళు చెక్కిన రహస్యపు గుర్తులు, మామూలుగా కంటికి ఆనవు. వాటిని పట్టుకుని కొలిచి, కంటిపాప ఎక్కడుండాలో అక్కడ స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, జోడు అత్తకి తగిలించాను. చుక్క సరిగ్గా పాప మీద కూర్చుంది. రెండు కళ్ళకీ.

తప్పు అద్దానిది కాదు. నాదీ కాదు. సంతోషించాలి. సంతోషం రావడం లేదు.

చుక్కలు తుడిచేలోపే అత్త నీళ్ళకి వెళ్ళిపోయింది. వెనకాల నడిచాను. కొళాయి దగ్గర బిందె మీద బిందె పెట్టుకుని, చేతులు వదిలేసి, మట్టి గట్టు మీద నుంచి వస్తోంది. పక్క పొలంలోంచి ఎవరో పిలిచారు. అత్త మొహం తిప్పలేదు. కళ్ళు మాత్రం ఆ వైపు చివరికంటా జరిగి, చూసి, జవాబు చెప్పి, మళ్ళీ దారి మీదకి వచ్చాయి. కాలి దగ్గర రాయి వస్తే గడ్డం దించలేదు. కళ్ళే దిగాయి. ఇంటి మలుపులో లారీ ఘాట్ తిరిగినట్టు మనిషి మొత్తం తిరిగింది, మెడ తిరగలేదు.

నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న దృశ్యం. ఇవాళే కనపడింది. ప్రోగ్రెసివ్ పెట్టుకున్నవాళ్ళకి చెప్పే మొదటి సూత్రం: ఎటు చూడాలో అటు ముక్కు తిప్పు. పక్కచూపు చూశావా, మంచులో పడతావు. మా అత్త ముక్కు బతుకంతా తిరగలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ముక్కు తిప్పే శిక్షణ. వాకిట్లో ఎడమ పక్కన భానుని, కుడి పక్కన కోడిని నిలబెట్టాను. కోడి నిలబడలేదు.

"అత్తా, భానుని చూడు. కళ్ళతో కాదు, ముక్కుతో."

కళ్ళు జరిగాయి.

"ముక్కు, అత్తా."

"తల తిప్పితే బిందె పడిపోదేటి?"

"నెత్తి మీద బిందె లేదు కదా."

అత్త చెయ్యి పైకి పెట్టి తడుముకుంది. లేదని తెలిసి తనే ఆశ్చర్యపోయింది. నవ్వుదామనుకుని నేను ఆగిపోయాను. ఆ బిందె దించితే దిగేది కాదు.

"బళ్ళో నిన్ను ఇలాగే నిలబెట్టీవోరా బావా?" అంది భాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ముక్కు తిరగలేదు.

సాయంత్రం షెడ్డు దగ్గరికి వెళ్తే అత్త బల్ల దగ్గర లేదు. కళ్ళంలో నిలబడి పార కర్ర పట్టుకుని గింజలు తిరగేస్తోంది. ఎవరూ చెయ్యమనలేదట. "ఎలాగా ఇక్కడికే కదా, సెయ్యి అలవాటు సేసుకుంతన్నాను," అంది నావైపు చూడకుండా.

అలవాటవుతుంది అనే మాట నేనే కదా నేర్పాను.

భాను ఇవాళ నన్ను ఒక్క మాటా అనలేదు. భయమేసింది.

ఫిబ్రవరి 18, బుధవారం

ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళాక, ఇంకా వెలుగుండగానే, అత్తని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టాను.

"అత్తా, నిన్ను మార్చను. నీకిష్టం వచ్చినట్టు కూర్చో."

నిటారుగా కూర్చుంది. బల్ల పొట్టిది, మోకాళ్ళకి కాస్త పైకి వస్తుంది. ఒక గింజ తీసి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను.

"ఎలా ఉంది?"

"అంబలి."

గింజని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆవిడకి దగ్గరగా జరపకుండా, నిలువునా పైకి లేపడం మొదలుపెట్టాను. మెల్లగా. ఆవిడ కళ్ళు గింజతోబాటు లేస్తున్నాయి. జానెడు కూడా లేవలేదు.

"ఉండు."

ఆగాను.

"పొట్ట మీద గాటు. గాటులో తెల్ల పొర, కాస్త వేగినట్టుంది. ఆ కొసన సూది బెజ్జం. పురుగు తొలిసింది, పారెయ్."

పారెయ్యలేదు. దించాను, పోయింది. లేపాను, వచ్చింది. పక్కకి జరిపాను, పోయింది. మధ్యకి తెచ్చాను, వచ్చింది. వస్తున్నప్పుడల్లా అత్త నోరు కొంచెం తెరుచుకుంటోంది, చిన్నపిల్లలా.

ఇప్పుడు తెలిసింది. తల నిటారుగా ఉంచి అంత కిందికి చూస్తే ఆవిడ చూపు నడుమ దాటేసి, చదివే చోటికి జారిపోతోంది. ఆ చోటు పుస్తకం దూరానికి, గింజ దూరానికి కాదు. పోనీ అని వంగితే ముక్కు దిగి, కళ్ళు అద్దం పైభాగంలోకి ఎక్కుతున్నాయి. అది కొండల దూరం. ఇన్నాళ్ళూ అత్త ఇనుము మోసే కిరండూల్ గూడ్సు బండిలా మధ్య స్టేషన్లో ఆగకుండా అటూ ఇటూ తిరుగుతోంది.

గింజని అక్కడే పట్టుకుని నిలబడ్డాను, చెయ్యి పీకుతున్నా. అత్తకీ బల్లకీ మధ్య ఉత్త గాలిలో ఒక చోటుంది. నాకు కనపడదు. అక్కడ పెడితే గింజ మీద పొర కూడా దాగదు. ఎన్నడూ అరకు చూడనివాడెవడో గాజులో ఒక దారి వేసి పంపాడు. మా అత్త ఎన్నడూ వంచని మెడతో దాని ముందు కూర్చుంది. ఆ రెండూ కలిసేచోటు సరిగ్గా నా బొటనవేలు, చూపుడువేలు మధ్యన ఉంది.

"సెయ్యి నొప్పెడతాది, దించరా," అంది అత్త.

ఫిబ్రవరి 19, గురువారం

సోములమ్మ దృష్టి పునరుద్ధరణ మహాప్రణాళిక. మొదట అత్త మెడకి ఉదయసాయంకాలాలు వ్యాయామం. షెడ్డు గోడ మీద అద్దం నిర్మాణాన్ని వివరించే రంగుల పటం, గీసేది నేనే. ఏరేవాళ్ళందరికీ నడిమి చూపు మీద నా ప్రసంగం, టీ సొసైటీవారిది. అద్దాల కంపెనీకి ఉత్తరం: అయ్యా, నెత్తిన బరువులు మోసేవారి కోసం ప్రత్యేకంగా బిందె మోడల్ తయారుచెయ్యగలరు. చివరగా ఈ పరిశోధనకి నా పేరు పెట్టడం.

రేపు పరీక్ష. నాకేం భయం లేదు. అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రత్న మేడం పళ్ళెం తెచ్చి అత్త ముందు పెట్టింది. పక్క బల్లల మీద చేతులు ఆగిపోయాయి. భాను గుమ్మంలో నిలబడింది, నేను భాను వెనక. నేను దాక్కోలేదు, అక్కడ చోటుంది.

అత్త నిటారుగా కూర్చుంది. గింజల్ని ఒక్కసారి చూసింది. తర్వాత అరచేత్తో కొన్నింటిని తన ముందుకి, నట్టనడుమకి లాక్కుంది. చూసింది, తోసేసింది, ఇంకొన్ని లాక్కుంది. పక్కకి చూడనే లేదు. చూడాల్సినవన్నీ ఆవిడ ముందుకే వస్తున్నాయి. ఈ కిటుకు నేను చెప్పలేదు, ప్రణాళికలో కూడా లేదు. చెడ్డవి ఒకటొకటే ఆకుదొప్పలో పడుతున్నాయి. ముక్కు కదల్లేదు. లేని బిందెలో చుక్క తొణకలేదు.

"అయిపోనాది," అంది.

మేడం పళ్ళెంలో వేలు పెట్టి వెతికింది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెతికింది. తిరిగొచ్చి దొప్పలో ఉన్నవి చూసుకుంది. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పళ్ళెంలో వెతికింది.

"పోటీ సంచి ఇటు తెండమ్మా," అంది చివరికి, వెనక్కి తిరిగి.

అప్పుడు అత్త తల ఎత్తలేదు. కళ్ళెత్తింది. గింజ మీంచి రత్న మేడం మొహానికి, మొహం మీంచి గుమ్మంలో భానుకి, భాను తల మీంచి బయట కొండకి. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. ఆ చూపుతోబాటే నేనూ ఘాట్ మొత్తం ఎక్కాను, ఒక్క కుదుపు లేకుండా. నాకు ఇంకో ఇరవై ఏళ్ళకి గాని దొరకని ప్రయాణం.

"ఏటే గుంటా, పనికి పోకుండా నిలబడిపోనావు?" అంది అత్త, కూతురితో.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. అమ్మోరు ముందు చూసి ఇచ్చిన జోడు అని ఆడవాళ్ళు అన్నారు. గోపాలకృష్ణ గారు షాపు పేరుతో ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నారు. "బావ సదువు పనికొచ్చినాది," అని భాను నలుగురిలో అంది. నేను తల వంచి స్వీకరించాను, సైన్సు చాలా లోతైనదని, వివరిస్తే అర్థం కాదని కూడా చెప్పాను.

వ్యాయామం జరగలేదు. పటం గియ్యలేదు. ఎవరికీ ప్రసంగించలేదు, కంపెనీకి ఉత్తరం రాయలేదు. నేను చేసింది ఒక్కటే. నిన్న సాయంత్రం ఎవరూ లేనప్పుడు షెడ్డు వెనక గోడ కట్టగా మిగిలిన ఇటుకలు మోసుకొచ్చి, అత్త బల్ల ఒక్కో కాలి కింద రెండేసి పెట్టాను.